లోపలి నంబరు నూట ఎనిమిది

పనిలో నాకు పొగరు జాస్తి. ఇప్పుడన్నా రవ్వంత దిగింది గానీ, రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయిన ఆ రోజుల్లో నన్ను పట్టుకోవడం ఎవురి తరమూ కాదు. తిరుపతిలో బస్టాండుకు రెండు వీధుల అవతల నాకొక అంగడి ఉండేది. లాడ్జీలు, నర్సింగు హోములు, కాలేజీలు, ఎవురికి కంప్యూటర్లు కలపాలన్నా, రౌటరు పెట్టాలన్నా నన్నే పిలిచేవాళ్లు. పిలవకపోతే నష్టం వాళ్లకే అనుకునేవాణ్ణి. పని ముగించినాక చేతులు దులుపుకోని, "ఇంగ నన్ను పిలిచే పని పడదు సార్" అని చెప్పి వచ్చేసేవాణ్ణి. చాలామట్టుకు ఆ మాట నిజమే అయ్యేది. అందుకే అంత పొగరు.

ఒక్కసారి మాత్రం నా పొగరు ఇంకొకరి నోటికాడ కూడు తీసేయబోయింది. ఆ సంగతి చెప్తాను.

అదొక పాల డెయిరీ. పేరు వద్దులే. ఆఫీసు చంద్రగిరి దావలో ఉండేది. చిత్తూరు దగ్గర ఒకటి, నాయుడుపేటలో ఒకటి, తడ పక్కన ఒకటి, మూడుచోట్ల పాలు చల్లబరిచే సెంటర్లు. పల్లెల నుంచి క్యాన్లలో వచ్చిన పాలు ఆడ చల్లబరిచి పెడితే, తిరుపతి నుంచి ట్యాంకరు పోయి తెచ్చేది. ఎన్ని లీటర్లు వచ్చినాయి, ట్యాంకరు ఎన్నింటికి పంపాల, కరెంటు పోయింది, జనరేటరు మొరాయిస్తా ఉండాది, ఇట్లాంటివన్నీ తెల్లారి ఆరింటి నుంచి ఫోన్లోనే. ఆ ఫోన్లన్నీ ఎత్తేది ఒక అక్క.

ఆమెను ఆఫీసంతా అక్కా అనే పిలిచేది. నలభై ఏళ్లుంటాయి. పుట్టినప్పట్నుంచి కళ్లు కనపడవు. టెలిఫోను ఆపరేటరు ట్రైనింగు తీసుకోని పదిహేనేళ్లుగా ఆ డెయిరీలోనే బోర్డు ముందర కూర్చోని ఉండాది. ఆమె జీతంతోనే ఇల్లు నడిచేది, తమ్ముడి చదువూ దాంతోనే. అవతలి మనిషి 'హలో'లో 'హ' అంటే చాలు, యాడనుంచి, ఎవురు, ఈ పొద్దు మనిషికి జలుబుండాదా లేదా కూడా చెప్పేస్తుంది. ఎవురి పేరూ రెండోసారి అడగంగా నేను చూడలేదు.

ఆఫీసులో పాత ఫోను బోర్డు మూలపడే వయసుకొచ్చింది. ఓనరు మద్రాసులో ఎవురిదో ఆఫీసు చూసొచ్చి, మనమూ ఫోను సర్వరు పెట్టిద్దామన్నాడు. సర్వరంటే పెద్ద మాటేం కాదు. ఫోన్లను ఒకదానికొకటి కలిపే ఒక కంప్యూటరు, అంతే. ఆఫీసులోపలి ఫోన్లు పాతవే, వైర్లతో నేరుగా దానికే తగిలిస్తాం. మూడు సెంటర్లలో మాత్రం కొత్త ఫోన్లు, అవి ఇంటర్నెట్టు మీద వచ్చి ఈ సర్వరును కలుసుకోవాల. ఎస్టీడీ ఖర్చు లేదు, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. పని నాకిచ్చినారు.

సర్వరు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టిన రోజు అక్క లేచి వచ్చి దాని మీద చెయ్యి పెట్టి తడిమింది. ముందర, పక్కల, వెనకాల వైర్లు తగిలించే తావు, అన్నీ చూసుకునింది.

"ఇదేనా నా సవితి?" అనింది.

అందరూ నవ్వినారు. మేనేజరు కూడా నవ్వినాడు గానీ ఆయన నవ్వు వేరే. "దీంట్లో ఒక గొంతు రికార్డు చేసి పెడితే అదే చెప్తుందంట కదప్పా, ట్యాంకరు సెక్షనుకు ఒకటి నొక్కండి, అకౌంట్సుకు రెండు నొక్కండి అని. అప్పుడింక ఆపరేటరు ఎందుకు మనకు?" అని ఆమె ముందరే నన్నడిగినాడు. ఓనరు అడ్డం పడి, "ఆర్నెల్లు ఆమెనే ఉండనీ, తర్వాత సూద్దాం" అన్నాడు. మనిషిని ఉంచుకుంటామని ఆయన అనలేదు, పంపించేస్తామనీ అనలేదు.

వాళ్లు పోయినాక అక్క నా పక్కకొచ్చి నిలబడింది. "నిజం చెప్పప్పా. ఈ మిషనొస్తే నేనుంటానా, పోతానా?"

"నువ్వెందుకు పోతావక్కా? పల్లెల వాళ్లు పాలు విరిగిపోతా ఉంటే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటే ఊరుకుంటారా? నేను పెట్టే మిషన్ను నువ్వే ఏలతావు సూడు," అన్నాను. ఉత్త ధైర్యానికి అన్న మాట కాదది. నా పని మీద నాకు అంత నమ్మకం.

ఇప్పుడు ఈ లోపలి అడ్రసు, బయటి అడ్రసు సంగతి రవ్వంత చెప్పాల, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఆఫీసులో ఉండే ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరుంటుంది, అదే దాని అడ్రసు. ఆ అడ్రసు ఆఫీసు లోపల మాత్రమే చెల్లుతుంది. గుమ్మంలో రౌటరుంటుంది, కాపలాదారు మాదిరి. బయట లోకానికి కనపడేది ఆ రౌటరు అడ్రసు ఒక్కటే. మనింట్లో పిల్లోణ్ణి బుజ్జీ అని పిలుస్తాం. ఆ పేరు మీద చిత్తూరు నుంచి ఎవురైనా ఉత్తరం రాస్తే పోస్టుమేను యాడికని తెస్తాడు? ఫోను సర్వరు చేసే తిక్కపని అదే. చిత్తూరు ఫోనుకు "నీ మాటలు నాకు పంపు, నా అడ్రసు ఇదీ" అని తన లోపలి అడ్రసు చెప్పేస్తుంది. పాపం చిత్తూరు ఫోను ఆ అడ్రసుకు పంపుతుంది. అవి యాడికీ చేరవు.

మొదటిరోజు అదే జరిగింది. చిత్తూరు నుంచి ఫోను మోగింది, అక్క ఎత్తింది, ఆమె మాట అవతలికి పోతా ఉండాది, అవతలి మాట మాత్రం రాలేదు. పక్కనే మేనేజరు చేతులు కట్టుకోని నిలబడుండాడు. నాకు చెమట కూడా పట్టలేదు. సర్వరులో రెండు గీతలు రాసినాను. ఒకటి, బయటోళ్లతో మాట్లాడేటప్పుడు రౌటరు అడ్రసు చెప్పమని. రెండు, లోపలోళ్లు ఎవురో, బయటోళ్లు ఎవురో గుర్తుపట్టమని. రౌటరుకు పోయి, ఫోను తాలూకు మాటలేవి వచ్చినా నేరుగా సర్వరు నంబరుకు పంపించెయ్యమని ఆ ద్వారాలు తెరిచిపెట్టినాను. మళ్లీ చెయ్యమన్నాను. చిత్తూరు వాని గొంతు ఖంగుమని మోగింది. అక్క మొహం అట్లా విచ్చుకునింది.

"వానికి ఈ పొద్దు జలుబు తగ్గింది," అనింది.

మేనేజరుకు చెప్పినాను, "ఇట్లాంటివి నాకు ఎడమచేతి పని సార్" అని. చెప్పుకోవాల్సినంతే చెప్పుకున్నాననుకోండి. అప్పట్లో తిరుపతి మొత్తం మీద ఆ రెండు గీతలు యాడ రాయాలో తెలిసినోళ్లు ఎందరుంటారు? చాలామంది అవతలి మాట రాకపోయేసరికి వారంరోజులు తన్నుకోని, ఫోను కంపెనీని తిట్టి, పెట్టె వెనక్కి పంపించేవాళ్లు.

ఇంగ మిగిలింది సర్వరుకు లోపలి నంబరు ఖాయం చెయ్యడం. ముందర ఏదో తాత్కాలికంగా పెట్టుకున్నాను. శుక్రవారం పూజ. పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగిస్తారు గదా, ఆ పొగ ఫ్యాన్లోకి పోకుండా నేను అట్ట అడ్డం పెట్టుకోని నిలబడినాను. ఓనరు వాళ్ల పెద్దాయన హారతి కళ్లకద్దుకోని, "దీనికి నంబరేదో ఉంటాదంట కదా, మంచిది పెట్టు నాయనా" అన్నాడు.

"నూట ఎనిమిది పెడతా ఉండాను" అన్నాను. పెద్దాయన చాలా సంతోషపడిపోయినాడు.

అది ఆయన కోసం పెట్టింది కాదు. నా వాడుకే అది. నామాలు నూట ఎనిమిది, జపమాలలో పూసలు నూట ఎనిమిది. కొండ కింద పుట్టి పెరిగినోణ్ణి, నాకు ఇంకో నంబరు తోచదు. నేను పెట్టిన ప్రతి తావులో ముఖ్యమైన మిషను అడ్రసు చివర నూట ఎనిమిదే. గుర్తుంచుకునేదానికి సులువు, అడిగినోళ్లకు చెప్తే ముచ్చటపడతారు, ఎవురూ అడ్డం చెప్పరు. తిరుపతిలో నాలాగా చేసినోళ్లు ఇంకా దండిగా ఉంటారు, పందెం కాస్తాను. ఆ నంబరు పెట్టి, రౌటరులోనూ అదే మార్చి, మూడు సెంటర్లతో మాట్లాడించి, చేతులు దులుపుకోని, నా మామూలు మాట చెప్పి వచ్చేసినాను.

మూడు వారాలు హాయిగా గడిచినాయి. నాలుగో వారం, నేను తిరుమలలో ఒక హోటలు బిల్లింగు కంప్యూటర్ల పని మీద ఉంటే, మేనేజరు సెల్లుకు చేసినాడు. సెంటర్ల నుంచి ఫోన్లు వస్తాయి, అక్క ఎత్తుతుంది, మాట్లాడతా మాట్లాడతా ఉండంగానే 'హలో హలో' అంటుంది, అవతలోళ్లు గొంతు చించుకున్నా ఆమెకు వినపడదు. నాయుడుపేటలో జనరేటరు చెడిపోయి, వెంటనే ట్యాంకరు పంపమని అరిస్తే ఆమెకు అందలేదు, ట్యాంకు నిండా పాలు విరిగిపోయినాయంట.

"దినమంతా అట్లానే ఉండాదా సార్?" అని అడిగినాను.

"లేదు. ఒక్కోపూట బాగుంటుంది, ఒక్కోపూట వినపడదంటుంది. తెల్లారి ఆరింటప్పుడు బాగానే ఉంటుంది."

నేను ఆలోచించింది ఎంతసేపని చెప్పమంటారు? చేతిలో ఉండే స్క్రూ తిప్పినంతసేపు. సెట్టింగు తప్పైతే ఎప్పుడూ పనిచెయ్యకూడదు. ఒకపూట వినపడి ఇంకోపూట వినపడకపోతే మిషను తేడా కాదు, మనిషి తేడా. నాకు అంత సులువుగా తేలిపోయింది.

"సర్వరు బ్రహ్మాండంగా ఉండాది సార్. నా పనిలో తప్పుండదు. ఆపరేటరమ్మ చెవులు ఒకసారి ఎవురికైనా చూపించండి, వయసు కదా," అన్నాను.

ఫోను పెట్టేసినాను. హోటలోళ్లు కాపీ ఇచ్చినారు, తాగినాను. ఆ మాట మళ్లీ నా మనసులోకి రానేలేదు.

పది రోజులకు, ఒక బుధవారం, అంగడికి ఫోనొచ్చింది. అక్క. ఆమె నాకు ఎప్పుడూ చేసింది లేదు.

"నాకు మెమో ఇచ్చినారప్పా," అనింది. అకౌంట్సులో పిల్ల చదివి వినిపించిందంట. ఆమె ఒకసారి వినింది కదా, నాకు అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. "వినికిడి లోపం వల్ల సెంటర్ల నుంచి వచ్చు సమాచారమును అందుకొనలేకపోతున్నందున, మిమ్ములను ఆపరేటరు బాధ్యత నుండి ఎందుకు తప్పించకూడదో శనివారంలోగా రాతపూర్వకంగా తెలియజేయవలెను."

నేను రిసీవరు ఇంకో చెవికి మార్చుకున్నాను.

"కళ్లు లేవు అంటే నాకేం కాదు, ఎన్నోసార్లు విన్నదే. చెవులు లేవంటే నేను ఏం పెట్టుకోని బతకాల? నువ్వే అన్నావంట కదా," అనింది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అనుంటే నేనేదో ఒకటి ఎదురు మాట్లాడుండేవాణ్ణి.

"అక్కా, నేను ఏదో..."

"అవంతా తర్వాత. రేపు బేస్తవారం. పొద్దున తొమ్మిదింటికి వచ్చి నా పక్కన కూర్చో. ఊరికే కూర్చో, సాలు."

పోయినాను. సిగ్గుతో పోయినాననుకునేరు, అప్పటికీ కాదు. నా సర్వరు తప్పు లేదని ఆమెకు నెమ్మదిగా చెప్పి, మంచి చెవుల డాక్టరు దగ్గరికి పిలుచుకోని పోదామనే అనుకుంటా పోయినాను. అంత గట్టిది నా నమ్మకం.

ఆమె ఫోనుకు రెండో రిసీవరు తగిలించుకోని పక్కన కూర్చున్నాను. తొమ్మిది నుంచి వరసగా ఫోన్లు. చిత్తూరు, తడ, మళ్లీ చిత్తూరు. అన్నీ బాగున్నాయి. ఆమెకు నాకంటే బాగా వినపడతా ఉండాది. తడ వాడు నసిగిన లీటర్ల లెక్క నేను రెండోసారి అడగాలనుకుంటే ఆమె అప్పటికే ట్యాంకరు సెక్షనుకు చెప్పేసింది. అప్పుడు మొదటిసారి నాకు అనుమానం తగిలింది, ఈ చెవులకు ఏం రోగమని.

తొమ్మిదిన్నర దాటినాక హాల్లోకి ఎవురో వచ్చినారు. బూట్ల చప్పుడు, బ్యాగు జిప్పు లాగిన చప్పుడు. అక్క చెయ్యెత్తి నన్ను గమ్మునుండమనింది. కాసేపటికి 'టింటిన్' అని ఒక చిన్న రాగం, కంప్యూటరు తెరుచుకునేటప్పుడు వస్తుందే, అది.

"ఫీల్డు ఆఫీసరు," అనింది. "ఆయనకు ల్యాపుటాపు ఇచ్చి మూడు వారాలు కూడా కాలేదు. సోమవారం, బేస్తవారం వస్తాడు, మిగతా దినాల్లో పల్లెలెమ్మట తిరుగుతా ఉంటాడు. ఆ పెట్టె పాట పాడినాక సూడు. పది నిముషాలు కాకముందే నా ఫోను మూగదవతాది. ఆయన సంచీ సర్దుకోని పోయినాక మళ్లీ మాట్లాడతాది. నేను మేనేజరుకు చెప్పినా. వినకుండా నవ్వినాడు."

నేనూ లోలోపల నవ్వుకున్నాను. ల్యాపుటాపుకూ ఫోను సర్వరుకూ సంబంధమేముంది?

పది నిముషాలు కూడా కాలేదు. చిత్తూరు సెంటరు ఫోనొచ్చింది. "అక్కా, ఈ పొద్దు రెండో ట్యాంకరు..." అన్నాడు. అంతే. గొంతు కత్తిరించినట్టు ఆగిపోయింది. అక్క "హలో" అనింది. నా చెవికి పెట్టుకున్న రిసీవర్లో కూడా ఏమీ లేదు. ఇరవై ఏళ్ల చెవులైనా, నలభై ఏళ్ల చెవులైనా వినేదానికి ఆడేం లేదు.

ఆమె రిసీవరు దించి, నా వైపు తిరిగింది. నేను ఒక్క దూకున సర్వరు గదిలోకి పోయినాను. సర్వరు బాగుండాది. నేను రాసిన రెండు గీతలూ ఉన్నచోటనే ఉండాయి. రౌటరు ద్వారాలు తెరిచే ఉండాయి. చివరికి రౌటరులో ఎవురెవురికి ఏ నంబరు ఇచ్చిందో ఆ పట్టిక తెరిచినాను.

ఈ రౌటర్లకు ఒక అలవాటుంది. నంబరు లేకుండా వచ్చిన ప్రతి కంప్యూటరుకూ అదే ఒక నంబరు ఇస్తుంది, వచ్చిన వరసలో. ఆ రౌటరు ఇచ్చేది నూరు నుంచి. ఆఫీసులో ఎనిమిది కంప్యూటర్లు. నూరు నుంచి నూట ఏడు దాకా అవి. తొమ్మిదోది ఫీల్డు ఆఫీసరు ల్యాపుటాపు. దానికి ఎదురుగా ఏముందో చదివినాను. నూట ఎనిమిది.

నా సర్వరు నంబరే రౌటరు తీసుకుపోయి ల్యాపుటాపుకు కూడా ఇచ్చేసింది. దానికేం తెలుసు, నేను చెప్పలేదు కదా. నూట ఎనిమిది ఎవురంటే సర్వరూ ల్యాపుటాపూ నేనంటే నేనని ఎగబడితే, చిత్తూరు నుంచి వచ్చిన మాటలన్నీ ల్యాపుటాపు లోపలికి పోయి చచ్చిపోతా ఉండాయి. అక్క మాట పోతుంది, అవతలి మాట రాదు. రౌటరు ఇచ్చే వరసలో ఉండే నంబరు మనిషి పెట్టకూడదు, పెడితే అది ఇంకెవురికీ ఇవ్వొద్దని రౌటరుకు చెప్పిపెట్టాల. ఇది ఈ పని నేర్చుకునే మొదటివారంలోనే చెప్తారు. నేను కూడా ఎందరికో చెప్పినాను. మిగతా తావుల్లో ఉండేది మూడో నాలుగో కంప్యూటర్లు, వరస నూట ఎనిమిది దాకా రానే రాలేదు, కాబట్టి బతికిపోయినాను. ఈడ తొమ్మిదో మనిషి వారానికి రెండుసార్లు వస్తా ఉండాడు. అది కనుక్కునింది నేను కాదు, చెవుల్లేవని నేను చెప్పిన మనిషి.

సరిచెయ్యడానికి పావుగంట పట్టలేదు. సర్వరుకు ఇరవై నంబరిచ్చినాను, రౌటరు ఇచ్చే వరసకు ఎంతో దిగువన. ద్వారాలన్నీ ఇరవై వైపు తిప్పినాను. ఫీల్డు ఆఫీసర్ని ల్యాపుటాపు మళ్లీ తెరవమన్నాను. రాగం వచ్చింది. చిత్తూరుతో అరగంట మాట్లాడించినాను, పాపం వానికి చెప్పేదానికి ఏమీ లేక ఇంట్లో బర్రె ఈనిన కత చెప్పినాడు. ఒక్క మాట తెగలేదు. చేతకానోడైతే ఇంకో నెల తిప్పలు పడేవాడు, ఆ మాట మాత్రం చెప్తాను.

మేనేజరు వచ్చి, "ఏమైంది?" అన్నాడు. "చిన్న టెక్నికల్ ప్రాబ్లం సార్, సరిపోయింది" అన్నాను. ఆయన తలూపి పోయినాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

"ఫోను సరిపోయింది. నా మెమో?" అనింది అక్క. "శనివారంలోగా రాతలో అడిగినారు. నేను చెప్తే నమ్మలేదు. నువ్వు రాసియ్యి, నీ అంగడి కాగితం మీద. ఏం జరిగిందో అదే రాయి."

నా సంచీలో లెటరుహెడ్డు, అంగడి సీలు ఉండాయి. కూర్చోని పెన్ను తీసినాను. ఓనరుకు ఊర్లో సగం మంది ఎరుక. ఈ కాగితం ఆయన చూస్తాడు, ఇంకో నలుగురికి చెప్తాడు. నా పేరు మీద నేనే మన్ను పోసుకోవాలా అనిపించింది. పెన్ను దానంతటదే రాసినట్టు రాసింది: 'సాంకేతిక కారణాల వల్ల కొన్ని కాల్స్‌లో అంతరాయం కలిగినది. ప్రస్తుతం సరిచేయబడినది.' సంతకం పెట్టినాను.

"చదువు," అనింది.

నేను కాగితం చేతిలో పెట్టుకోని చదివినాను. "సర్వరుకు నంబరు పెట్టడంలో నేను చేసిన తప్పు వల్ల ఫోన్లు ఆగిపోయినాయి. ఆపరేటరు గారి వినికిడిలో ఏ లోపమూ లేదు. ఆమె చెవుల గురించి నేను తెలియక చెప్పినాను." గొంతు కూడా బాగా వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమేస్తుంది.

ఆమె తల రవ్వంత పక్కకు వాల్చి వినింది. "ఇంకోసారి చదువు."

మళ్లీ చదివినాను. ఈసారి ఆమె చెవుల మాట ముందొచ్చింది, నంబరు మాట తర్వాత వచ్చింది. నాకు తెలియనే లేదు.

"ఇందాక నంబరు ముందరుండింది, ఇప్పుడు నా చెవులు ముందరికొచ్చినాయి," అనింది. "కాగితం మీద అక్షరాలు నడుస్తాయా అప్పా?"

మొహం యాడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె చూడదు కదా అని కూడా అనుకోలేకపోయినాను. ఆ కాగితం చింపి జేబులో పెట్టుకున్నాను. ఇంకోటి తీసి, చదివిందంతా రాసినాను. నూట ఎనిమిది ఎందుకు పెట్టినానో, రౌటరుకు చెప్పడం మరిచింది ఎవురో, చూడకుండానే కొండ మీద నుంచి ఫోన్లో ఏం వాగినానో, తప్పు యాడుండాదో కనిపెట్టింది ఎవురో, అన్నీ. సంతకం కింద అంగడి సీలు కూడా కొట్టినాను.

"అక్కా, చదువుతాను విను."

"నువ్వొద్దులేప్పా," అనింది.

కాగితం అందుకోని, గోడ వెంబడి నడుచుకుంటా మేనేజరు గదిలోకి పోయింది. నేనూ వెనకాలే పోయి వాకిట్లో నిలబడినాను. ఆమె ఆయన బల్ల మీద కాగితం పెట్టి, "ఇందులో ఏముండాదో రవ్వంత చదవండి సార్, పెద్దగా" అనింది. ఆయన చూపుతోనే చదువుకోని తలెత్తినాడు. ఆమె కదలలేదు. ఇంగ తప్పదని ఆయన నోరు విప్పినాడు. నా రాత ఆయన గొంతులో మొదటి మాట నుంచి సీలు మీది అంగడి పేరు దాకా వినపడింది. 'ఆపరేటరు గారి చెవులు నా చెవుల కంటే మేలు' అని నేను రాసిన చోట ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, మిగతాది చదివినాడు.

ఆమె అంతసేపూ ఫోన్లో మాట విన్నట్టే, తల పక్కకు వాల్చి వినింది. అయిపోయినాక, "సరే సార్, సీటుకు పోతాను. నాయుడుపేట వాళ్లు చేసే టైమైంది," అనింది.